మిన్నియాపొలిస్ చలికాలంలో ఆఫీసుకి సైకిల్: నవంబరు నుంచి మార్చి దాకా ప్రాజెక్టు డైరీ

ఇక్కడికి కొత్తగా వచ్చిన మనవాళ్లు "చలికాలం కూడా సైకిలేనా? ఎలా?" అని అడుగుతుంటారు. ప్రతి ఒక్కరికీ ఫోన్లో చెప్పడం కన్నా ఒకసారి రాసిపెడితే నయం. ఏ వస్తువు పనిచేసింది, ఏది చెయ్యలేదు, దేన్ని ఎందుకు మార్చాను, ఎంత ఖర్చయింది, అంతవరకే రాస్తున్నాను. మంచు అందాలు ఫోటోల్లో చూసుకోండి.

దారి ఇది. ఇల్లు అప్‌టౌన్ వైపు, పని యూనివర్సిటీలో, మిసిసిపీకి తూర్పు గట్టున. మిడ్‌టౌన్ గ్రీన్‌వే మీద తిన్నగా నది దాకా వెళ్లి, నది వెంట ఉత్తరంగా తిరిగి, వాషింగ్టన్ అవెన్యూ వంతెన పై అంతస్తు మీదుగా అవతలికి దాటాలి. ఒకవైపు 11 కిలోమీటర్ల చిల్లర. గ్రీన్‌వే ఒకప్పటి రైలు దారి. పట్టాలు వీధుల కిందుగా పోయేలా 1910ల్లో తవ్విన లోతైన కోతలోనే ఇప్పుడు సైకిళ్లు తిరుగుతున్నాయి. కోతలో ఉన్నంతసేపూ గాలి తగలదు, సిగ్నళ్లూ ఉండవు. గాలి అంతా నది దగ్గర కాచుకుని ఉంటుంది.

ఇక్కడ జనవరి సగటు పగలు మైనస్ 5, రాత్రి మైనస్ 13 దగ్గర. మధ్యలో మైనస్ 25 కిందికి దిగే రోజులూ వస్తాయి. డిగ్రీలన్నీ సెల్సియస్‌లోనే రాస్తున్నాను.

అందరూ భయపడేది మైనస్ 25కి. ఈ డైరీలోని మార్పులు చూస్తే ఎక్కువ భాగం తడి వల్ల వచ్చినవే. బండినీ మనిషినీ పాడుచేసేవి సున్నాకి అటూ ఇటూ ఊగే రోజులు. కొనేటప్పుడు ఇది గుర్తుంటే డబ్బు కొంత మిగులుతుంది.

దశ 1: బండి, బ్రేకులు

ముందు ఉన్నది రిమ్ బ్రేకుల రోడ్డు సైకిల్, అంటే రబ్బరు ముక్కలు చక్రం అంచుని (రిమ్ముని) నొక్కి ఆపే రకం. మొదటి మంచు పడ్డ వారంలోనే దాని మీద నమ్మకం పోయింది. ఎంత పోయిందో తెలుసుకుందామని చదునైన చోట సుద్దతో గీత గీసి, గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వచ్చి, గీత దగ్గర బ్రేకు నొక్కి, ఆగిన చోటిదాకా టేపు పెట్టి కొలిచాను.

- పొడి రోడ్డు, పొడి రిమ్ము: 4 మీటర్లు
- తడి రోడ్డు, తడి రిమ్ము, సున్నా డిగ్రీలు: 9 మీటర్లు
- రిమ్ము మీద తడిమంచు గడ్డకట్టాక: 14 మీటర్లు

మూడో కొలతలో చక్రం మొదటి రెండు చుట్లు తిరిగేదాకా బ్రేకు ఉన్నట్టే తెలియలేదు. రబ్బరు ముక్కలు ముందు ఐసుని గీకెయ్యాలి, తర్వాతే రిమ్ముని పట్టుకుంటాయి. ఖరీదైన బ్రేకు రబ్బర్లు వేస్తే బాగుపడే విషయం కాదిది. రిమ్ము ఉండే చోటే బురద ఉంటుంది.

అందుకని డిస్కు బ్రేకులున్న పాత 26 అంగుళాల మౌంటెన్ బైక్ ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్నాను. డిస్కు చక్రం నడుమనుండే హబ్బు దగ్గర, బురదకి పైన ఉంటుంది. తడి రోడ్డు మీద అదే పరీక్షలో 5 మీటర్ల చిల్లరలో ఆగింది. తీగతో లాగే డిస్కు బ్రేకే కావాలని వెతికాను. మినరల్ ఆయిల్‌తో పనిచేసే హైడ్రాలిక్ బ్రేకులు బాగా చలిలో మందకొడిగా వదులుతాయి. పైగా తీగ తెగితే నేనే మార్చుకోగలను.

మడ్‌గార్డులు తప్పనిసరి. అయితే టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య 1.5 సెంటీమీటర్ల ఖాళీ పెడితే తడిమంచు అందులో దట్టంగా కూరుకుపోయి చక్రమే ఆగిపోయింది. వాషర్లు పేర్చి ఖాళీని 3 సెంటీమీటర్లకి పెంచాక ఆ బెడద పోయింది. ముందు మడ్‌గార్డు కింది అంచుకి పాల క్యాను ప్లాస్టిక్ కోసి రెండు బోల్టులతో వేలాడదీశాను, నేలకి నాలుగు వేళ్ల ఎత్తు దాకా. పాదాలు తడవకుండా కాపాడింది బూట్ల కన్నా ఈ ముక్కే.

ఖర్చు: సైకిల్ 180, మడ్‌గార్డులు 35. ఇప్పటిదాకా 215 డాలర్లు.

దశ 2: టైర్లు

గ్రీన్‌వే హయావతా అవెన్యూని దాటేచోట సాబో వంతెన ఉంది, 2007లో కట్టిన తీగల వంతెన. నేల మీది దారి తడిగా మాత్రమే ఉన్న పొద్దుట కూడా దాని మీద అద్దంలాంటి ఐసు ఉండొచ్చు. వంతెనకి కింద నుంచి కూడా గాలి తగులుతుంది కాబట్టి మొదట గడ్డకట్టేది అదే. మామూలు బటన్ టైర్లతో (రబ్బరు బుడిపెలున్నవి) అక్కడ మలుపులో ముందు చక్రం జారింది. మోచెయ్యి గీసుకుపోవడంతో సరిపోయింది. మంచు మీద బటన్లు పట్టుకుంటాయి, ఐసు మీద ఏ రబ్బరూ పట్టుకోదు.

స్టడ్ టైర్లు వేశాను, ష్వాల్బే మారథాన్ వింటర్. టైరు నిండా చిన్న చిన్న మేకులుంటాయి. వాటి మొన టంగ్‌స్టన్ కార్బైడ్ కాబట్టి తారు మీద తొందరగా అరగవు. మామూలు స్టీలు మేకుల టైర్లు చవగ్గా దొరుకుతాయి కానీ మంచు లేని రోడ్డు మీదే సగం దారి నడిచే ఊళ్లో అవి ఒక సీజను కూడా మిగలవు.

వేసేటప్పుడు ఇలా చేయండి:

1. టైరు మీద తిరిగే వైపు చూపించే బాణం ఉంటుంది. అది చూసుకునే ఎక్కించండి.
2. మొదటి 40 కిలోమీటర్లు తారు రోడ్డు మీద నింపాదిగా తొక్కండి. గట్టి బ్రేకు, గట్టి తొక్కుడు వద్దు. మేకులు తమ గుంతల్లో కుదురుకోవాలి.
3. డబ్బు ఒక్క టైరుకే ఉంటే ముందు చక్రానికి వెయ్యండి. వెనకది జారితే కాలు ఆనించుకోవచ్చు, ముందుది జారితే పడ్డాకే తెలుస్తుంది.

గాలి లెక్క వేరే చెప్పాలి. ఇంట్లో 21 డిగ్రీల దగ్గర 45 పీఎస్‌ఐ కొట్టి బయట మైనస్ 20లో కాసేపు ఉంచి చూస్తే గేజి 37 చూపించింది. ట్యూబు ఏమీ కారడం లేదు, చల్లబడ్డ గాలి ఒత్తిడి తగ్గుతుందంతే. పంక్చరేమోనని ట్యూబు విప్పకండి. ఈ టైర్లకి గాలి తగ్గించడమే ఒక పద్ధతి కూడా. గట్టిగా కొడితే మధ్య భాగమే నేలకి తగులుతుంది, తగ్గిస్తే పక్క వరసల మేకులు కూడా కిందికి వస్తాయి. ఐసు రోజుల్లో బయటి చలిలో కొలిచి 35 ఉంచుతున్నాను, పొడి రోజుల్లో 50.

వేగం తగ్గుతుంది. ఎండాకాలంలో 32 నిమిషాల దారి ఇప్పుడు 45. పొడి తారు మీద పకోడీలు వేగుతున్నట్టు చిటపట చప్పుడు. ముందు నడిచేవాళ్లు బెల్లు కొట్టకముందే తప్పుకుంటారు.

ఖర్చు: టైర్ల జత 150. ఇప్పటిదాకా 365 డాలర్లు.

దశ 3: ఒళ్లు

ఎక్కువ డబ్బు తగలబడేది ఇక్కడే, అదీ అనవసరంగా. చలి అనగానే అందరం లావుపాటి జాకెట్టు కొంటాం. సైకిల్ మీద మనిషి పది నిమిషాల్లో పొయ్యిలా కాగుతాడు, చెమట పడుతుంది, ఆ చెమట మీద గాలి తగిలి చలి మొదలవుతుంది.

వంటింటి త్రాసు తీసుకుని లోపలి బట్ట బరువు చూశాను. రెండుసార్లూ అదే దారి, అదే మైనస్ 8.

- కాటన్ బనియన్, పైన లావు జాకెట్టు: బయల్దేరేటప్పుడు 150 గ్రాములు, చేరాక 230
- పలచటి ఊలు చొక్కా, పైన గాలి ఆపే జాకెట్టు: బయల్దేరేటప్పుడు 185, చేరాక 205

80 గ్రాముల నీళ్లు ఒంటికి అతుక్కుని ఉంటే ఏ జాకెట్టూ ఏమీ చెయ్యలేదు. లావు జాకెట్టు ఇప్పుడు షాపింగుకి వెళ్లేటప్పుడు వేసుకుంటున్నాను. కాటన్ పూర్తిగా మానేశాను, సాక్సులతో సహా.

పొరలు ఇలా కుదిరాయి. సున్నా నుంచి మైనస్ 8 దాకా ఒక ఊలు, ఒక గాలి ఆపే జాకెట్టు. మైనస్ 18 దాకా వాటి మధ్యలో పలచటి ఫ్లీస్ స్వెట్టరు. ఇంకా కిందికి దిగితే రెండో ఊలు, కాళ్లకి థర్మల్ మీద గాలి ఆపే ప్యాంటు. గడప దాటగానే కాస్త వణుకు పుట్టాలి. హాయిగా ఉందంటే ఒక పొర ఎక్కువైనట్టే, వెనక్కి వెళ్లి విప్పేసి రండి.

చేతులు. గ్లోవ్స్ మీద డబ్బు పోయకండి. మైనస్ 15 దాటాక ఎంత లావైన గ్లోవ్స్‌లోనైనా వేళ్లు విడివిడిగా ఉన్నంతవరకు మొద్దుబారతాయి. లావుగా ఉంటే బ్రేకు లివరు కూడా సరిగ్గా అందదు. హ్యాండిల్‌కే తొడిగే పెద్ద సంచులుంటాయి, ఇక్కడ పోగీలు అంటారు. చేతులు వాటిలో దూర్చి బ్రేకు పట్టుకోవడమే. మైనస్ 20లో కూడా లోపల పలచటి గ్లోవ్స్ చాలు. డిసెంబరులో నేను చేసిన అన్ని ఖర్చుల్లో పైసా వసూల్ అంటే ఇదే.

పాదాలు. ఉన్న బూట్లలో రెండు జతల సాక్సులు వేస్తే బిగుసుకుని రక్తం ఆడక ఇంకా చల్లబడ్డాయి. ఒక సైజు పెద్ద బూట్లు, ఒకే జత ఊలు సాక్సులు సరిపోయాయి. ఇనుప పెడళ్లు అరికాలి వేడిని లాగేస్తాయి, ప్లాస్టిక్‌వి వేశాను. మైనస్ 20 కింద సాక్సు మీద పాలిథిన్ సంచి తొడిగి బూటు వేసుకుంటాను. చూడ్డానికి బాగోదు, ఎవరూ చూడరు కూడా.

ముఖం. అమెరికా వాతావరణ శాఖ పట్టిక ప్రకారం మైనస్ 18లో గంటకు 24 కిలోమీటర్ల గాలి ఉంటే ఒంటికి మైనస్ 28లా తగులుతుంది, కప్పని చర్మం 30 నిమిషాల్లో గడ్డకట్టే ప్రమాదం ఉంది. సైకిల్ కదిలితే గాలి లేని రోజున కూడా గాలి పుడుతుంది, ఎదురుగాలి ఉంటే రెండూ కలుస్తాయి. నా దారి 45 నిమిషాలు. అంటే వేలెడు చర్మం కూడా బయటికి కనిపించకూడదు. అమ్మకి ఈ లెక్క చెప్పలేదు. "అంత చలిలో సైకిలేంట్రా, కారు కొనుక్కోలేవా?" అన్న ప్రశ్న ఎలాగూ ప్రతి ఆదివారం వస్తుంది.

మన మంకీ క్యాపే ఇక్కడా దిక్కు, కాకపోతే ఊలుది పలచగా ఉండాలి, హెల్మెట్ కింద పట్టాలి. ఇబ్బంది కళ్లద్దాలతో. ముక్కు కప్పితే ఊపిరి పైకి తన్ని అద్దాల మీద పొగమంచులా పట్టి, అక్కడే గడ్డకడుతుంది. మైనస్ 12 కిందికి దిగితే స్కీ గాగుల్స్ పెట్టాను, కళ్లద్దాల మీద పట్టే పెద్దవి. మంకీ క్యాప్‌కి నోటి దగ్గర బొటనవేలంత రంధ్రం కోసి అంచు కుట్టాను. ఊపిరి ముందుకే పోతుంది, అద్దాలు తేటగా ఉంటాయి.

ఖర్చు: పోగీలు 65, ఊలు చొక్కాలు 80, బూట్లు 110, గాగుల్స్ 40, పెడళ్లు 15. ఇప్పటిదాకా 675 డాలర్లు.

దశ 4: లైట్లు

డిసెంబరు 21న ఇక్కడ పొద్దు పొడిచేది 7:48కి, గుంకేది 4:34కి. పోయేటప్పుడు మసక, వచ్చేటప్పుడు చీకటి. మూడు గంటలు వెలుగుతుందన్న లైటు మైనస్ 20లో గంటకే ఆరిపోయింది. ఇంటికి తెచ్చి వెచ్చబడ్డాక మళ్లీ వెలిగింది. అంటే బ్యాటరీ ఖాళీ కాలేదు, చలికి శక్తి ఇవ్వలేకపోయింది. ఇప్పుడు బ్యాటరీ విడిగా ఉండే లైటు వాడుతున్నాను. బ్యాటరీ జాకెట్టు లోపలి జేబులో, తీగ మెడ దగ్గరనుంచి హెల్మెట్‌కి. హ్యాండిల్ మీది పాత లైటు అదనం.

లిథియం బ్యాటరీని సున్నా కింద ఛార్జింగుకి పెట్టకండి, లోపల శాశ్వతంగా పాడవుతుంది. ఇంట్లోకి తెచ్చాక గంటసేపు ఆగి పెట్టండి.

ఖర్చు: 85. ఇప్పటిదాకా 760 డాలర్లు.

దశ 5: పెడలు తిరుగుతుంది, చక్రం తిరగదు

జనవరిలో మైనస్ 26 రోజు. బండి పగలంతా బయటి స్టాండులో ఉంది. సాయంత్రం ఎక్కి తొక్కితే పెడళ్లు గాల్లో తిరుగుతున్నట్టు తిరిగిపోయాయి. చైను కదులుతోంది, వెనక పళ్లచక్రాలు కదులుతున్నాయి, చక్రం మాత్రం అలాగే నిలబడి ఉంది.

వెనక హబ్బులో ఫ్రీహబ్ ఉంటుంది. దానిలో చిన్న కొక్కేలు స్ప్రింగు బలంతో పైకి లేచి పళ్లలో పడితేనే మన తొక్కుడు చక్రానికి అందుతుంది. కంపెనీలో పెట్టిన గ్రీజు ఈ చలికి మైనంలా బిగుసుకుని కొక్కేలని లేవనివ్వదు. లైటు బ్యాటరీ కాక, బండికి నికార్సుగా చలి వల్ల వచ్చిన ఇబ్బంది ఇదొక్కటే.

దీనికి ఇక్కడి పాత సైకిలిస్టులు చెప్పే తక్షణ వైద్యం, హబ్బు మీద మూత్రం పొయ్యడం. వేడికి కొక్కేలు వదులవుతాయట. మైనస్ 26లో జిప్పు తీసే ధైర్యం చాలలేదు. రెండో వైద్యం జిప్ టైలు, వైర్లు కట్టే నైలాన్ పట్టీలు. అవి సంచిలో ఉన్నాయి.

1. పెద్ద పళ్లచక్రాన్ని స్పోకులకి కలిపి జిప్ టైతో కట్టాలి. ఎదురెదురుగా, కనీసం నాలుగు చోట్ల.
2. మిగిలిన తోకలు కత్తిరించాలి, లేకపోతే చైనుకి తగులుతాయి.
3. మెల్లగా తొక్కాలి. ఇప్పుడు చక్రం తిరిగినంతసేపూ పెడళ్లు తిరుగుతూనే ఉంటాయి, ఆపడం కుదరదు.

మొదట కట్టిన రెండూ బిగిస్తుండగానే పుటుక్కుమన్నాయి. ఆ చలికి నైలాన్ పెళుసెక్కుతుంది. మిగతావి కాసేపు చంకలో పెట్టుకుని వెచ్చబడ్డాక కడితే నిలిచాయి. నది వెంట దారిలో ఇంకొకటి తెగింది కానీ ఇంటికి చేర్చాయి. అప్పటినుంచి జిప్ టైలు సంచిలో కాదు, జాకెట్టు లోపలి జేబులో ఉంటున్నాయి.

అసలు రిపేరు ఆ వారాంతంలో:

1. వెనక చక్రం విప్పి, పళ్లచక్రాలు తీసి, ఇరుసు బయటికి లాగి, ఫ్రీహబ్‌ని విడదీశాను. 10 మిల్లీమీటర్ల అలెన్ కీ కావాలి.
2. మినరల్ స్పిరిట్స్‌లో (పెయింటు పలచన చేసే ద్రవం) ముంచి తిప్పుతూ పాత గ్రీజంతా కడిగాను. గిన్నెలో అడుగున గోధుమరంగు ముద్ద చేరింది.
3. రాత్రంతా ఆరబెట్టాను.
4. గ్రీజు బదులు పలచటి నూనె పోసి బిగించాను.

చక్రాన్ని రాత్రి బాల్కనీలో వదిలేసి తెల్లవారుజామున మైనస్ 23లో తిప్పి చూస్తే కొక్కేలు టకటకమంటూ పడ్డాయి. పలచటి నూనె తొందరగా కారిపోతుంది, నెలకోసారి మళ్లీ పొయ్యాలి. ఇరుసు బేరింగుల్లో మాత్రం గ్రీజు అలాగే ఉంచాను, అక్కడ నీళ్లు రాకుండా ఆపేది అదే.

ఖర్చు: నూనె, స్పిరిట్, జిప్ టైలు కలిపి 24. ఇప్పటిదాకా 784 డాలర్లు.

దశ 6: ఉప్పు

ఫిబ్రవరి. మైనస్ 2, ప్లస్ 3, మళ్లీ మైనస్ 6. జనవరి కన్నా సుఖంగా ఉంటుందని అనుకుంటారు అందరూ. బండికి ఇదే గండం.

రోడ్ల మీద చల్లే మామూలు ఉప్పు సుమారు మైనస్ 9 దాకానే పనిచేస్తుంది. జనవరి గట్టి చలిలో రోడ్డు పొడిగా, మంచు పిండిలా ఉండేది, బండికి ఏమీ అంటేది కాదు. ఫిబ్రవరిలో రోడ్డంతా ఉప్పునీరు. రాత్రి తుడిచి నూనె రాసిన చైను పొద్దుటికి నారింజరంగు తేలింది. చైను ఎంత సాగిందో కొలిచే గేజి ఆరు వారాల్లో 0.5 శాతం దాటింది, ఎండాకాలంలో అదే దారికి అది ఒక సీజను పని.

ఆఫీసు భవనంలో వెచ్చటి గ్యారేజీ ఉంది. బండిని అందులో పెట్టడం మొదలుపెట్టాక పరిస్థితి ఇంకా చెడింది. ఫ్రేముకి అంటుకున్న మంచు పగలంతా కరిగి ఉప్పునీళ్లై ప్రతి సందులోకీ దిగేది. సాయంత్రం బయటికి తీయగానే అదే నీరు గేరు తీగ గొట్టంలో గడ్డకట్టేది. గేరు ఎక్కడుంటే అక్కడే, లివరు నొక్కితే కదలదు. పేటలో సైకిల్ షాపు పెద్దాయన్ని అడిగితే ఒకటే మాట అన్నాడు: కడిగి ఆరబెట్టే ఓపిక ఉంటే లోపల పెట్టు, లేకపోతే బయటే వదిలెయ్. గడ్డకట్టి ఉన్నంతసేపూ తుప్పు నెమ్మది.

మార్చినవి:

1. పగలు బండి బయటి స్టాండులోనే.
2. గేరు తీగకి లివరు నుంచి చివరిదాకా తెగకుండా ఒకటే గొట్టం. మధ్యలో తెరిచి ఉన్న చోట్ల నుంచే నీళ్లు దిగుతున్నాయి.
3. మైనస్ 15 కింద గేరు మార్చను. మధ్య పళ్లచక్రం మీద పెట్టి వదిలేస్తాను, ఈ దారిలో పెద్ద ఎత్తులేమీ లేవు.
4. వారానికి రెండుసార్లు గోరువెచ్చటి నీళ్లు ఒక బకెట్టు, చైను మీద, పళ్లచక్రాల మీద, డిస్కు మీద. తర్వాత గుడ్డతో తుడిచి చైనుకి తడి రోజులకి వాడే రకం నూనె. డిస్కు మీద మాత్రం నూనె చుక్క పడకూడదు.
5. ఖరీదైన చైను వద్దు. చవకది వేసి 0.5 దాటగానే మార్చడం. పళ్లచక్రాలు మిగులుతాయి.
6. తాళం కప్ప రంధ్రం నేలవైపు ఉండేలా వెయ్యాలి. పైకి ఉంటే నీళ్లు దిగి గడ్డకట్టి తాళంచెవి దూరదు.

ఫిన్లాండ్‌లో ఔలు అనే ఊరుంది, 2013లో మొదటి చలికాలపు సైకిల్ సదస్సు జరిగింది అక్కడే. వాళ్లు సైకిల్ దార్ల మీద మంచుని చదునుగా అణిచి, పైన గులకరాళ్ల పొడి వేసి వదిలేస్తారు. ఫిబ్రవరిలో ఆ పద్ధతి మీద అసూయ పుట్టింది.

ఖర్చు: చైన్లు రెండు 36, తీగ గొట్టాలు 40. ఇప్పటిదాకా 860 డాలర్లు.

దశ 7: మార్చి, గాడులు

గ్రీన్‌వేని నగరపాలక శాఖ, నది వెంట దారిని పార్కుల బోర్డు శుభ్రం చేస్తాయి. మంచు పడ్డ పొద్దుట ఈ రెండూ చాలాసార్లు మా వీధి కన్నా ముందే తెరుచుకుంటాయి. ఇంటి నుంచి గ్రీన్‌వే దాకా ఉన్న నాలుగు వీధులే నరకం. కార్లు తొక్కిన తడిమంచు పగలు కరిగి, రాత్రి గాడులుగా గడ్డకడుతుంది. మేకులు ఐసుని పట్టుకుంటాయి గానీ చక్రం గాడిలో ఇరుక్కుంటే అవీ ఏమీ చెయ్యలేవు. టైరుకి వెడల్పు కావాలి. బాగా లావు టైర్లుండే ఫ్యాట్ బైక్ ఉంటే సుఖమే, పక్కనున్న బ్లూమింగ్టన్‌లోని సర్లీ అనే సైకిల్ కంపెనీ 2005లో పగ్స్‌లీ అనే ఫ్యాట్ బైక్ తెచ్చిందే ఇలాంటి నేలకోసం. నాలుగు వీధుల కోసం అంత డబ్బు పెట్టలేను. అక్కడ దిగి నడిపించుకుపోతున్నాను, ఐదు నిమిషాలు ఎక్కువ పడుతుంది.

మార్చి మూడో వారంలో తొక్కుతుంటే కిందనుంచి కరకర మొదలైంది. బాటమ్ బ్రాకెట్ (పెడళ్ల ఇరుసు తిరిగే బేరింగుల భాగం) విప్పితే చైను వైపు బేరింగులోంచి తుప్పునీళ్లు కారాయి. కొత్తది 28 డాలర్లు. పాతదాన్ని తీయడానికి రెంచికి రెండడుగుల పైపు తగిలించి నిలబడాల్సి వచ్చింది. కొత్తది బిగించేటప్పుడు మరలకి గ్రీజు దట్టంగా పట్టించాను. సీటు గొట్టం అడుగున ఒక చిన్న రంధ్రం కూడా ఉంది, మట్టితో పూడిపోయింది. ఫ్రేములో చేరిన నీళ్లు బయటికి పోయేది దాన్నుంచే. పిన్నుతో పొడిచి తెరిస్తే చెంచాడు ఉప్పునీరు వచ్చింది. మీ బండికి నవంబరులోనే చూసుకోండి.

ముందు టైరులో ఏడెనిమిది మేకులు ఊడాయి, అన్నీ ఎడమ పక్క వరసలోనే. వెనకదానిలో ఏమీ పోలేదు. ఏప్రిల్‌లో కూడా ఇక్కడ మంచు పడుతుంది కాబట్టి ఆ నెల మూడో వారందాకా టైర్లు విప్పను. విప్పాక కడిగి, ముందుది వెనక్కీ వెనకది ముందుకీ గుర్తు పెట్టి, ఎండ తగలని చోట వేలాడదీస్తాను.

మొత్తం 888 డాలర్లు.